బిడారు ఆగిన చోట

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తాడేపల్లిగూడెంలో పెళ్ళి చూసుకుని, మరో రెండు రోజులు చుట్టాలిళ్ళు తిరిగి, ఇరవై ఇద్దరం ఒక అద్దె మినీ బస్సులో హైదరాబాదు బయల్దేరాం. ముందు రోజు నుంచీ వాన తెరిపివ్వలేదు. ఏలూరు దగ్గరికి వచ్చేసరికి అందరి ఫోన్లూ ఒకేసారి మోగడం మొదలుపెట్టాయి. బుడమేరు పొంగి బెజవాడలో సింగ్‌నగర్ మునిగింది. ఐతవరం దగ్గర హైదరాబాదు హైవే మీదికి మున్నేరు వచ్చేసింది. పోనీ రైల్లో వెళ్దామంటే కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. మ్యాపులో ఏ దారి పట్టినా ఎర్ర గీతే.

డ్రైవరు బస్సుని పెట్రోలు బంకులోకి తిప్పి ఇంజను ఆపేశాడు. సోమవారం పొద్దున్నే ఆఫీసు కాల్ ఉంది, ఏదో ఒక దారి చూడమని నేను గొడవ చేస్తున్నాను. ముందు సీట్లోంచి పెద్దనాన్న వెనక్కి తిరిగి, "ఎక్కడికెళ్తావురా? వాన ఆగమంటే ఆగాలి. ఏలూర్లో మీ పిన్నీవాళ్ళకి ఫోన్ చేసి ఇరవై మందికి ఉప్మా చెయ్యమను," అన్నారు.

పిన్నీవాళ్ళింట్లో మూడు రాత్రులున్నాం. హాల్లో వరసగా చాపలు, మెట్ల మీద ఆరని బట్టలు, కరెంటు వచ్చినప్పుడల్లా ఛార్జింగు కోసం పోటీ. అప్పుడు బుర్రలో పడిన ప్రశ్న తర్వాత కూడా వదల్లేదు. తారురోడ్డు లేని కాలంలో ఇదే నేల మీద వెళ్ళినవాళ్ళు వాన రోజున ఏం చేసేవాళ్ళు? పుస్తకాలు తిరగేస్తే జవాబు తేలిగ్గానే దొరికింది. ఆగేవాళ్ళు. దాని వెనకాలే వచ్చిన ప్రశ్నకే అంత తేలిగ్గా జవాబు లేదు. మనం ఆగడం ఎప్పుడు మానేశాం? మనం ఆగనందుకు, మన బదులు ఎవరు ఆగుతున్నారు?

* * *

గుంపుగా సాగే వర్తకులకి తెలుగులో బిడారు అని పేరు. పాత వాడుకలో వాళ్ళు దిగిన చోటు కూడా బిడారమే. కన్నడంలో ‘బిడార’ అంటే ఇప్పటికీ బస, మకాం. నడిచే గుంపుకీ, ఆగే చోటుకీ ఒకే మాట ఉందంటే, ఆ రెండూ వేరువేరు పనులని అప్పటివాళ్ళకి తోచలేదనుకుంటాను. ప్రయాణం అంటే కొంత నడక, కొంత మకాం. వానాకాలంలో మకాం పాలు ఎక్కువ.

ఈ సంగతిని నియమంగా రాసిపెట్టినవాళ్ళు బౌద్ధులు. ఏలూరు నుంచి నలభై కిలోమీటర్ల దూరంలో, కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండ ఉంది. క్రీస్తుకు ముందే ఆ రాతిలో భిక్షువులకి గదులు తొలిచారు. చిన్నప్పుడు స్కూలు పిక్నిక్కుకి వెళ్ళినప్పుడు మాకు అక్కడ నచ్చింది గుండ్రటి చైత్యగుహ ఒక్కటే. లోపల స్తూపం, పైన చెక్క వాసాల్ని అచ్చంగా రాతిలో దింపిన కప్పు. పక్కనున్న గదులు చీకటిగా, ఖాళీగా అనిపించాయి. ఆ ఖాళీ గదుల అర్థం చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఏడాదిలో మిగతా నెలలు తిరుగుతూ ఉండాల్సిన భిక్షువు, వానాకాలంలో మూడు నెలలు మాత్రం ఒకేచోట ఉండాలి. దాని పేరు వర్షావాసం.

ఈ నియమం ఎందుకొచ్చిందో వినయ గ్రంథాలు చెప్పే కథ చాలా మామూలుది. వానల్లో కూడా భిక్షువులు తిరుగుతుంటే, పచ్చటి మొలకల్ని తొక్కుతున్నారు, చిన్న ప్రాణుల్ని చంపుతున్నారు అని జనం విసుక్కున్నారు. వానలకి పక్షులు కూడా గూడు చేరతాయి, వీళ్ళకేం వచ్చింది అన్నారు. అప్పుడు బుద్ధుడు ఆగమన్నాడు. అంటే వానలో ఆగడం నడిచేవాడి సుఖం కోసం పెట్టింది కాదు. వాడు తొక్కే నేల కోసం పెట్టింది.

అదే గ్రంథంలో ఒక మినహాయింపు ఉంది. వర్షావాసాన్ని పశువుల దొడ్డిలో గడపొచ్చు, పడవలో గడపొచ్చు, బిడారుతో కలిసి కూడా గడపొచ్చు. దొడ్డి లేచి వేరేచోటికి పోతే దానితోపాటే పోవచ్చు. రెండు వేల ఏళ్ళ కిందటే వానాకాలంలో కదిలే బిడార్లు ఉన్నాయన్నమాట. వాటితో వెళ్ళే భిక్షువులూ ఉన్నారు. కానీ మామూలు అది కాదు. ఆగడమే మామూలు, కదలడానికి విడిగా అనుమతి కావాలి. ఇప్పుడు మనకి కదలడం మామూలు అయింది. ఆగాలంటే మేనేజరుకి మెయిల్ పెట్టాలి.

* * *

పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే, లంబాడీల బిడార్ల గురించి కళ్ళు పెద్దవి చేసుకుని రాశాడు. పదీ పన్నెండు వేల ఎద్దులు ఒక్క గుంపుగా వెళ్ళడం చూశాడు. ఇరుకు దారిలో అలాంటి గుంపు ఎదురైతే రెండు మూడు రోజులు పక్కన నిలబడి దారివ్వాల్సిందే. వాళ్ళు నాలుగు తెగలనీ, ఒక తెగ గోధుమ, ఒకటి బియ్యం, ఒకటి పప్పులు, ఒకటి ఉప్పు మోస్తాయనీ, ఎవరి సరుకు వాళ్ళదేననీ అతను చెబుతాడు. గోల్కొండకీ బందరుకీ మధ్య దారిలో చెరువులూ వాగులూ ఎక్కువని, చక్రాల బండి నడవదని, ఎడ్లూ గుర్రాల వీపుల మీదే సరుకు పోతుందని కూడా రాశాడు. తాను ఒక చిన్న బండిని వజ్రాల గని దాకా తీసుకెళ్ళి, దాన్ని పదేపదే విప్పి దాటించాల్సి వచ్చిందట.

బందరు, నిజాంపట్నం వైపు ఉప్పు కయ్యలు. లోపలి ఊళ్ళకి ఉప్పు కావాలి, అక్కణ్ణుంచి కోస్తాకి ధాన్యం రావాలి. మధ్యలో రేగడి నేల. ఎండాకాలంలో రాయిలా ఉండే రేగడి, రెండు వానలు పడితే మోకాటి దాకా దిగబడుతుంది. ఎద్దు కాలు విరిగితే మోత ఆగుతుంది. ఉప్పు గోనె తడిస్తే సరుకే కరిగిపోతుంది. అందుకే వానలు మొదలయ్యేలోపు తండా మంచి మేత ఉన్న మెరక చూసుకుని దిగిపోయేది. ఎడ్లు తేరుకునేవి, పెళ్ళిళ్ళు జరిగేవి. వాన వెలిశాక మళ్ళీ దారి.

దారి అనేది ఒక రుతువులో మాత్రమే ఉంటుందని కొల్లేరు చూస్తే తెలుస్తుంది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళని ఓడించిన కల్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతి రాజుతో కలిసి దక్షిణానికి వచ్చాడు. ఫిబ్రవరిలో ఏలూరులో దిగి, డబ్బు కోసం, రాజు సేనల కోసం మూడు వారాలకి పైగా కూర్చున్నాడు. మార్చి 1న కదిలి, వారం తిరక్కుండా బందరు కోట ముందు నిలబడ్డాడు. ఏప్రిల్లో రాత్రి దాడితో కోట పడింది. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాళ్ళ చేతికి రావడానికి అదే నాంది. పాఠ్యపుస్తకాల్లో తుపాకుల లెక్క ఉంటుంది. నెల గురించి ఎవరూ మాట్లాడరు. ఏలూరుకీ బందరుకీ మధ్యనే కొల్లేరు ఉంది. మార్చికి దాని నీళ్ళు అడుగంటి, అంచులు ఎండి, మనుషులూ ఎడ్లూ నడిచే నేలవుతుంది. అదే సైన్యం సెప్టెంబరులో వచ్చి ఉంటే మైళ్ళ కొద్దీ నీళ్ళ ముందు గుడారాలు వేసుకుని కూర్చునేది.

* * *

ఈ దారుల్లో వెళ్ళిన తెలుగువాళ్ళలో రోజువారీ లెక్క రాసిపెట్టినవాడు ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, కోస్తా వెంట దిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఇంటివాళ్ళు, బోయీలు, నౌకర్లు అంతా కలిపి దాదాపు వందమంది. పల్లకీలూ గుడారాలూ వెంట ఉన్నాయి. దారిలో స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకి రాసిన ఉత్తరాలే ‘కాశీయాత్ర చరిత్ర’ అయ్యాయి. 1838లో అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకట శివరావు బెజవాడ నుంచి మళ్ళీ తీసుకొచ్చారు.

తేదీలు చూడండి. మే నెలలో బయల్దేరాడు కాబట్టి మొదటి వానాకాలం దక్కను దారుల్లో గడిచింది. సెప్టెంబరు మొదట్లో ఇల్లు చేరాడు కాబట్టి రెండో వానాకాలం తెలుగు కోస్తాలో గడిచింది. వంశధార నుంచి పెన్న దాకా ఒక్కో ఏరూ నిండుగా ఉండే నెలలవి. ఆ పుస్తకం చదివేవాళ్ళకి మొదట్లో విసుగు పుడుతుంది. ప్రతి మజిలీకీ అవే సంగతులు. దూరమెంత, దారి రాళ్ళా బురదా, నీళ్ళు మంచివా, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా. నాకూ మొదటిసారి విసుగే పుట్టింది. ఏలూరు నుంచి వచ్చాక మళ్ళీ తీస్తే అవి విసుగు సంగతుల్లా కనపడలేదు. వందమందిని వెంటపెట్టుకున్నవాడికి, రేపు వాన పట్టి ఇక్కడే ఉండిపోవాల్సి వస్తే ఈ ఊరు మమ్మల్ని భరిస్తుందా అన్నదే అసలు ప్రశ్న. పిన్ని ఆ ఆదివారం మా గుంపుని గుమ్మంలో చూసి మనసులో వేసుకున్న లెక్క కూడా అదే అయ్యుంటుంది. బియ్యం ఉన్నాయా, గ్యాసు ఉందా, చాపలు సరిపోతాయా.

ఆ కాలం ఎంత బావుండేదో అనుకుంటూ ఇక్కడ ఆపేయొచ్చు. ఆపితే అబద్ధమవుతుంది. వీరాస్వామి ఈ కోస్తా దాటిన మరుసటి ఏడే, 1832–33లో, నందన కరువు వచ్చింది. డొక్కల కరువు అని జనం పెట్టుకున్న పేరు. గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనంలో దాదాపు రెండు లక్షల మంది పోయారని అంచనా. గోదావరి, కృష్ణ నీళ్ళు పక్కనే సముద్రంలో కలుస్తుండగా చనిపోయారు. ధాన్యం ఉన్నచోటి నుంచి లేనిచోటికి తెచ్చే దారి లేదు. ఎద్దు మీద వచ్చే ధాన్యానికి ఎద్దు తినేంత మేత దారిలో ఉండాలి, కరువులో అదీ ఉండదు. దారి ఆగిపోవడం అంటే సత్రంలో పురాణకాలక్షేపం ఒక్కటే కాదు. ఇదీ అదే.

అందుకే ఆర్థర్ కాటన్ పేరు మా తాలూకాల్లో ఇప్పటికీ దేవుడి పేరులా వినపడుతుంది. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట, ఆ తర్వాత మూడేళ్ళకి బెజవాడలో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాయి. విజ్జేశ్వరం నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వచ్చే కాలువ గోదావరిని, బెజవాడ నుంచి వచ్చే కాలువ కృష్ణని తెచ్చి ఏలూరులో కలిపాయి. పొలాలకి నీళ్ళు, పడవలకి దారి. కప్పున్న పడవలో జనం రాత్రంతా పడుకుని తెల్లారేసరికి ఊరు చేరేవారు. గాలి లేకపోతే గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగేవారు. లోపల పడుకున్నవాడికి వాన అడ్డం కాదు. గట్టు మీద లాగేవాడు మాత్రం తడిసేవాడు. తర్వాత 1893లో ఈ ప్రాంతానికి రైలు, 1900లో గోదావరి మీద రైలు వంతెన వచ్చాయి. ఆ పైన ట్రంకు రోడ్డు తారురోడ్డయింది, నాలుగు వరసల హైవే అయింది. డెబ్భై ఏళ్ళలోపు మూడు నెలల వానాకాలం ప్రయాణాల క్యాలెండరులోంచి మాయమైంది.

* * *

మాయమైన ఆ ఆగడం ఎక్కడికి పోయింది? నాకు రెండు చోట్ల కనపడుతోంది.

ఒకటి, ఆగుతూ నడిచిన మనుషుల దగ్గర. రైలు, కాలువ పడవ, ప్రభుత్వ ఉప్పు విధానం కలిసి ఎడ్ల మీద ఉప్పూ ధాన్యం మోసేవాళ్ళ బతుకుతెరువు తీసేశాయి. లంబాడీలకీ అది జరిగింది, కోస్తా నుంచి ఎడ్లూ గాడిదల మీద ఉప్పు తీసుకెళ్ళే ఎరుకలవాళ్ళకీ జరిగింది. నిన్నటి దాకా ఊరికి ఉప్పు తెచ్చిన గుంపు, పనేమీ లేకుండా ఊరి బయట దిగితే పోలీసులకి అనుమానం. నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. పేర్లు నమోదు చేయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు కదలాలంటే అనుమతి కావాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా ఎరుకలవాళ్ళని స్థిరంగా ఉంచడానికి పుట్టిన సెటిల్మెంటే. ఏటా మూడు నెలలు వాన ఆపితే ఆగి, తర్వాత కదిలినవాళ్ళని చట్టం పన్నెండు నెలలూ ఆపేసింది. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర తీసేశారు. మేం ఏలూరులో దిగడానికి సరిగ్గా ముందు రోజు ఆ తేదీ వచ్చి వెళ్ళింది. మా బస్సులో ఎవరికీ గుర్తులేదు, నాకైతే అప్పటికి తెలియనే తెలియదు. స్టూవర్టుపురం అంటే మాకు తెలిసింది సినిమాల్లోని దొంగలే.

రెండోది, నీళ్ళ దగ్గర. తాడేపల్లిగూడెం, ఏలూరుల మధ్య మ్యాపు తెరిచి చూడండి. హైవే, రైలు పట్టాలు, ఏలూరు కాలువ దాదాపు ఒకదాని పక్కన ఒకటి తూర్పు పడమరలుగా వెళ్తాయి. మన్యం వైపు నుంచి దిగే ఎర్రకాలువ, తమ్మిలేరు, రామిలేరు ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తాయి. అంటే మన ప్రతి దారీ ఆ నీళ్ళకి అడ్డంగా వేసిన కట్ట. కట్టకి తూములుంటాయి, వంతెనలుంటాయి. గూడెం దగ్గర నందమూరులో ఎర్రకాలువ ఏలూరు కాలువ కిందుగా దూరి వెళ్తుంది. మామూలు వానకి అవి సరిపోతాయి. పెద్ద వానకి చాలవు. అప్పుడు కట్టకి ఎగువన పొలాలు చెరువులవుతాయి. ఒకప్పుడు వాన మనిషిని నిలబెట్టేది. ఇప్పుడు మనం వెళ్ళడానికి వాననీటిని నిలబెడుతున్నాం.

ఎలాగోలా దాటిన తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు చేరేది కొల్లేరుకే. మా వృత్తి భాషలో దాన్ని బఫర్ అంటాం. రెండు డెల్టాల మధ్య పల్లంలో ఉండి, వరదని మింగి, ఉప్పుటేరు అనే ఒకే ఒక్క దారిలో, అరవై కిలోమీటర్ల పొడవునా నిదానంగా సముద్రంలోకి వదులుతుంది. నిండుగా ఉన్నప్పుడు ప్లస్ పది కాంటూరు దాకా 901 చదరపు కిలోమీటర్లు. 1999లో ప్లస్ ఐదు కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం చేశారు. 2002లో రామ్సర్ జాబితాలో చేరింది. ఈలోపు సరస్సులో చేపల చెరువులకి గట్లు లేచాయి. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు కొట్టారు. గట్ల వెనక పెట్టుబడి పెట్టిన పెద్దవాళ్ళున్నారు, వాటి మీద రోజుకూలీకి కాపలా కాసేవాళ్ళూ ఉన్నారు. గట్లు కొట్టినప్పుడు ఇద్దరికీ నష్టం ఒకేలా లేదు.

అలా కాపలా కాసే ఒకాయన రెండో రోజు పిన్నీవాళ్ళింటికి వచ్చాడు. బాబాయికి తెలిసినాయన, ఊరు కొల్లేటి లంకల్లో. టీవీలో సింగ్‌నగర్ పడవలు చూస్తూ మేమంతా అయ్యో అంటున్నాం. ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు వదులుతున్నారని స్క్రోలింగు. ఆయన గుమ్మం దగ్గర గొడుగు ముడుస్తూ, "మీ ఊరు బానే ఉందాండీ?" అని పిన్ని అడిగితే, "ఇయ్యాల బానే ఉందండమ్మా. మాకింకా రాలేదు కదండి. అదిగో, ఆ నీళ్ళే," అని టీవీ చూపించాడు. "బెజవాడోళ్ళకి తగ్గాక మాకు మొదలవుద్దండి. ఈ రెండ్రోజుల్లో గొడ్లని మెరకెక్కించాలి, ఎండుగడ్డి ఏవైనా దొరుకుద్దేమో అని వచ్చానండి."

ఆ మాట అప్పుడు పూర్తిగా ఎక్కలేదు. బుడమేరు కూడా కొల్లేరులోనే కలుస్తుందని పరీక్షల్లో రాసినవాణ్ణే. మాకు వాన అంటే ఇప్పుడు పడుతున్నది. ఆయనకి వాన అంటే నాలుగు రోజుల తర్వాత, ఆకాశం తేటగా ఉండగా, ఎండ కాస్తుండగా ఇంట్లోకి వచ్చేది.

బుధవారం పొద్దున దారి తెరిచారని తెలిసి మేం బయల్దేరాం. మధ్యాహ్నానికి హైదరాబాదులో ఉన్నాం. సోమ, మంగళ వారాలకి సెలవు పెట్టాను, ఎవరూ ఏమీ అనలేదు. ఆ వారాంతంలో ఫోన్లో పిన్ని చెప్పింది. ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు మీదికి చిన్నఎడ్లగాడి దగ్గర కొల్లేరు నీళ్ళొచ్చాయట, బస్సులు ఆపేశారట. ఏలూరులో మాత్రం ఎండ మండిపోతోందట.

"మరి ఆ రోజు వచ్చినాయన?" అని అడిగాను.

"ఆయనా? రాలేదు. దారి లేదు కదరా."